విద్యార్థుల సాంకేతిక పోటీలకు అర్హత సాధించడం ఎలా?

ఓరుగల్లు చుట్టుపక్కల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సైన్స్ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ ఏటా పిల్లలను పోటీలకు సిద్ధం చేస్తున్న నాకు ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతోంది. పోటీకి వెళ్లి ఓడిపోయే పిల్లల కంటే పోటీ దాకా చేరలేకపోయే పిల్లలే ఎక్కువ. వారి ఆలోచనలు తక్కువవి కావు. తరగతి, వయసు, జట్టు, గడువు, బ్యాంకు ఖాతా వంటి నిబంధనలను ఎవరూ ముందుగా చదివి చెప్పకపోవడం వల్లే వారు ఆగిపోతున్నారు. అందుకే ఈ వ్యాసంలో యంత్రాలు తయారు చేసే పద్ధతి జోలికి ఎక్కువగా పోకుండా, ఏ పోటీకి ఎవరు అర్హులో, ఆ అర్హతను మెట్టు మెట్టుగా ఎలా సంపాదించుకోవాలో వివరిస్తాను.

ముందుగా మీకు తగిన పోటీని ఎంచుకోండి

బడిలో చదివే పిల్లలకు అన్నిటికంటే దగ్గరి దారి ఇన్‌స్పైర్ మనక్. దీనిని కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌తో కలిసి నడుపుతోంది. ఇది చాలాకాలం 6 నుంచి 10వ తరగతి వారికే పరిమితమై ఉండగా, 2024-25 నుంచి 11, 12 తరగతులకు, అంటే మన ఇంటర్ విద్యార్థులకు కూడా విస్తరించారు. ఇంజినీరింగ్ విద్యార్థులకు స్మార్ట్ ఇండియా హ్యాకథాన్, ఐఐటీ బొంబాయి నిర్వహించే ఈ-యంత్ర రోబోటిక్స్ పోటీ, ప్రోగ్రామింగ్‌లో ఐసీపీసీ అనే అంతర్జాతీయ కళాశాల స్థాయి పోటీ ఉన్నాయి. ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులు వృత్తి నైపుణ్యాల పోటీ అయిన ఇండియా స్కిల్స్ వైపు చూడాలి. ఒకే ఏడాదిలో వీటిలో రెండింటికి మించి తలకెత్తుకోవద్దని నా సలహా.

ఇన్‌స్పైర్: సమస్యను ఇంట్లోనే వెతకండి

అగ్నిపర్వతం నమూనా, జలవిద్యుత్ కేంద్రం నమూనా, తడి చెత్త పొడి చెత్త డబ్బాలు వంటివి పాఠ్యపుస్తకంలో ఉన్నవే కాబట్టి ఎంత అందంగా చేసినా ఈ పోటీలో నిలబడవు. ఇక్కడ కోరేది సొంత ఆలోచన, అది కూడా పదిమందికి పనికివచ్చేది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి ఆసు పోస్తూ, అంటే నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పుతూ, ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి తిప్పి భుజం నొప్పితో బాధపడటం చూసి ఆసు యంత్రం తయారు చేశారు. దానికి అమ్మ పేరు మీదుగా లక్ష్మి ఆసు యంత్రమని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఒక ప్రభుత్వ పాఠశాల విద్యార్థి, వడ్లను సంచుల్లోకి ఎత్తే శ్రమను తగ్గించే పరికరంతో ఇన్‌స్పైర్ జాతీయ స్థాయి దాకా వెళ్లాడు. ఇద్దరూ సమస్యను పుస్తకంలో వెతకలేదు.

కోతులను తరిమే పరికరం మన జిల్లాల్లో దాదాపు ప్రతి మండలం నుంచీ వస్తుంది. కోతుల బెడద అంతగా ఉంది కాబట్టి ఆ ఆలోచనను నేను తప్పుపట్టను. అయితే మిగతా వాటికంటే మీది ఎక్కడ వేరో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే, ఆ నామినేషన్ పంపకముందే మరోసారి ఆలోచించుకోవాలి.

ఆలోచనను రాతలో పెట్టండి

మొదటి వడపోత పూర్తిగా మీరు రాసి పంపే సంక్షిప్త వివరణ మీదే జరుగుతుంది. అప్పటికి పరికరం తయారై ఉండనక్కరలేదు. అందుకే ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టాలి.

కొన్నేళ్ల కిందట ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు నా దగ్గరకు వచ్చి, "సార్, వడ్లు ఆరబెట్టే మిషన్ చేస్త" అంది. అంతకు మించి ఒక్క మాట కూడా చెప్పలేకపోయింది. ఇప్పుడు ఆ పని ఇంట్లో ఎవరు చేస్తున్నారని అడిగాను. "అమ్మ కాళ్లతోని వడ్లు తిరగదోస్తది సార్. ఎండల అరికాళ్లు కాలుతయి" అంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించితే వడ్లు తీసుకోరు కాబట్టి కల్లంలో ఆరబోసిన ధాన్యాన్ని మాటిమాటికీ తిరగదోయక తప్పదు. ఆ అమ్మాయికి తెలియకుండానే ఆమె మాటలో సమస్య, దానిని అనుభవించే మనిషి, ఇప్పుడున్న పద్ధతిలోని లోపం మూడూ వచ్చేశాయి. వాటినే వరుసలో పెట్టి, దువ్వెనలా పళ్లుండి, నిలబడి తోసుకుపోయే పరికరం ఒకటి చేస్తానని, పళ్ల ఎత్తును ధాన్యం మందాన్ని బట్టి మార్చుకోవచ్చని ఆమె చేతనే రాయించాను. "వడ్లు ఆరబెట్టే మిషన్" అని మాత్రమే రాసి ఉంటే అది మొదటి వడపోతలోనే పోయేది.

మీరు కూడా ఇదే వరుసలో రాయండి: ఎవరికి ఏ ఇబ్బంది ఉంది, ఇప్పుడు ఏం చేస్తున్నారు, అది ఎందుకు సరిపోవడం లేదు, మీ పరికరం ఎలా పనిచేస్తుంది. దానికి చేత్తో గీసిన బొమ్మను జత చేస్తే చాలు. ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటో పెట్టకండి. రాత ఉపాధ్యాయుడిది కాకూడదు, ఎందుకంటే జిల్లా స్థాయిలో న్యాయనిర్ణేతలు ప్రశ్నలు అడిగేది విద్యార్థినే.

నామినేషన్, బ్యాంకు ఖాతా

విద్యార్థి నేరుగా దరఖాస్తు చేసుకోలేడు. ప్రధానోపాధ్యాయులు ఇన్‌స్పైర్ నామినేషన్ల కోసం ఉన్న ఈ-మియాస్ వెబ్‌సైట్‌లో పాఠశాలను నమోదు చేసి, జిల్లా విద్యాశాఖ ఆమోదం పొందిన తరువాత, ఒక్కో పాఠశాల నుంచి ఐదు ఆలోచనల వరకు పంపవచ్చు. ఇటీవలి ఏడాదుల్లో ఈ ప్రక్రియ సాధారణంగా జూలై, సెప్టెంబరు నెలల మధ్య సాగుతోంది. చివరి రోజుల్లో వెబ్‌సైట్ మొరాయించడం అందరికీ అనుభవమే కాబట్టి, జూన్‌లో బడి తెరవగానే తరగతుల్లో ఐడియా బాక్సులు పెట్టి, జూలై చివరికల్లా ఐదు పేర్లు తేల్చుకోవడం మంచిది. మీ బడి నమోదై ఉందో లేదో తెలియకపోతే హెచ్‌ఎం గారిని అడగడానికి మొహమాటపడకండి. తల్లిదండ్రులు అడిగినా ఎవరూ తప్పుగా అనుకోరు.

ఎంపికైన విద్యార్థి ఖాతాలో నమూనా తయారీకి, ప్రదర్శనకు తీసుకువెళ్లడానికి 10,000 రూపాయలు నేరుగా జమ అవుతాయి. నేను చేసిన పొరపాటు ఇక్కడే జరిగింది. ఒక అబ్బాయి పాస్‌బుక్ జిరాక్స్ చూసి నంబరు సరిగ్గానే ఎక్కించాను కాని, ఆ ఖాతాలో చాలాకాలంగా లావాదేవీలు లేక అది నిలిచిపోయి ఉందని చూసుకోలేదు. పైగా బడి రికార్డులో ఉన్న ఇంటిపేరు ఖాతాలో లేదు. డబ్బు రాలేదు. దానిని సరిచేయించడానికి తిరిగేలోగా జిల్లా ప్రదర్శన అయిపోయింది. వాళ్ల నాన్న హమాలీ. కూలీ మానుకొని రెండు రోజులు బ్యాంకు చుట్టూ తిరిగారు. ఆ అబ్బాయి మరుసటి ఏడాది పేరు ఇవ్వలేదు. అప్పటినుంచి ప్రతి విద్యార్థి విషయంలోనూ నామినేషన్‌కు ముందే ఖాతాలో వంద రూపాయలు వేయించి, తీయించి చూస్తున్నాను. ఆధార్, బడి రికార్డు, పాస్‌బుక్ మూడింటిలోనూ పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూడటం ఒక పూట పని.

జిల్లా నుంచి జాతీయ స్థాయికి

జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి ప్రదర్శనల్లో ప్రధానంగా చూసేవి కొత్తదనం, సమాజానికి ఉపయోగం, పర్యావరణానికి హాని లేకపోవడం, వాడటంలో తేలిక, ఇప్పటికే ఉన్న పరికరాల కంటే మెరుగ్గా ఉండటం. రంగుల చార్టులకు, థర్మోకోల్ అలంకరణకు మార్కులు లేవు. ఆ డబ్బును పరికరం మీద పెట్టండి, ప్రతి ఖర్చుకూ రశీదు దాచండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, పరికరాన్ని నిజమైన పనిలో వాడి చూడటం. వడ్ల పరికరం చేసిన అమ్మాయిని జిల్లా ప్రదర్శనలో ఒక న్యాయనిర్ణేత, "ఈ పళ్లు గీసుకుంటే కింద పరదా చిరగదా?" అని అడిగారు. ఆమె వంగి ఒక పన్ను పట్టుకొని చూపిస్తూ, మొదట ఇనుప మొలలు పెట్టానని, నాయిన పరదా రెండు చోట్ల చినిగిందని, అందుకే కర్ర పళ్లు చేసి వాటికి పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగానని చెప్పింది. ఆ ట్యూబు ముక్కలకు వడ్ల దుమ్ము ఇంకా అంటుకొనే ఉంది. న్యాయనిర్ణేత మరో ప్రశ్న అడగకుండా కాగితంపై రాసుకున్నారు. మీరు కూడా ఏ తేదీన ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఒక నోటుబుక్‌లో రాసిపెట్టుకోండి. విఫలమైన ప్రయత్నాలను దాచకండి.

స్మార్ట్ ఇండియా హ్యాకథాన్: జట్టు దగ్గరే సగం అర్హత

2017లో మొదలైన ఈ పోటీలో కేంద్ర మంత్రిత్వ శాఖలు, ఇతర సంస్థలు ఇచ్చే సమస్యలకు విద్యార్థులు పరిష్కారం చూపాలి. జట్టులో నాయకుడితో కలిపి కచ్చితంగా ఆరుగురు ఉండాలి, వారిలో కనీసం ఒక్కరు అమ్మాయి అయి ఉండాలి, ఆరుగురూ ఒకే కళాశాల వారై ఉండాలి. బ్రాంచీలు వేరైనా అభ్యంతరం లేదు, నిజానికి వేరుగా ఉంటేనే మేలు. నా పూర్వ విద్యార్థులు కొందరు, బడిలో కలిసి చదువుకున్న స్నేహంతో, రెండు కళాశాలల నుంచి ఒక జట్టు కట్టి నెల రోజులు పనిచేశారు. వారికి ఈ నిబంధన తెలిసేసరికి కళాశాల స్థాయి పోటీకి రెండు రోజులే మిగిలి ఉంది.

మొదట కళాశాలలో అంతర్గత హ్యాకథాన్ జరగాలి. అందులో ఎంపికైన జట్లను కళాశాల సమన్వయకర్త వెబ్‌సైట్‌లో నామినేట్ చేస్తారు. కాబట్టి మీ కళాశాలలో ఆ బాధ్యత ఏ అధ్యాపకుడిదో కనుక్కోవడం మొదటి పని. తరువాత, ఇచ్చిన నమూనాలోనే ప్రజెంటేషన్ తయారు చేసి పంపాలి. ఎంచుకున్న సమస్య మీకు చేతనైనదై ఉండటంతో పాటు మీకు తెలిసినదై ఉంటే మంచిది. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌ను చూసిన వారు మిర్చి నాణ్యత గురించి, రామగుండం, గోదావరిఖని వారు గనుల భద్రత గురించి ఇతరులకంటే లోతుగా రాయగలరు. తుది పోటీ ఇటీవల డిసెంబరులో జరుగుతోంది. సాఫ్ట్‌వేర్ విభాగం 36 గంటలు ఏకధాటిగా, హార్డ్‌వేర్ విభాగం ఐదు రోజులు సాగుతాయి.

మిగతా పోటీలు

ఐసీపీసీలో ముగ్గురు విద్యార్థులకు ఒకే కంప్యూటర్ ఇస్తారు, సమయం 5 గంటలు. ఎన్ని సమస్యలు సాధించారన్నదే మొదటి కొలమానం. తప్పు సమాధానం పంపిన సమస్యను తరువాత సాధించినా, ప్రతి తప్పు ప్రయత్నానికీ 20 నిమిషాలు అదనంగా లెక్కలో పడతాయి కాబట్టి తొందరపాటు పనికిరాదు. మన దేశంలో ఆన్‌లైన్ ప్రాథమిక రౌండ్ దాటిన జట్లే ప్రాంతీయ పోటీకి వెళ్తాయి. ఈ-యంత్రలో నలుగురి జట్టు నెలల తరబడి పనిచేయాలి. రుసుము లేదు కాని ఓపిక కావాలి. ఇండియా స్కిల్స్‌లో వెల్డింగ్, ఎలక్ట్రికల్ పనుల నుంచి వెబ్ టెక్నాలజీ దాకా ఉన్నాయి. చాలా విభాగాల్లో వయసు 22 ఏళ్లు మించకూడదు కాబట్టి ఎప్పుడు పుట్టారన్నది ముందుగా సరిచూసుకోవాలి.

వరంగల్ ఎన్‌ఐటీలో ఏటా జరిగే టెక్నోజియాన్‌లో ఇతర కళాశాలల వారు కూడా పాల్గొనవచ్చు. పెద్ద పోటీకి ముందు పదిమంది ఎదుట మాట్లాడే అలవాటుకు అది మంచి చోటు.

ఇన్‌స్పైర్‌కు గాని స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కు గాని ప్రవేశ రుసుము లేదు. ఎంపిక చేయిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, వెంటనే ప్రధానోపాధ్యాయులకు లేదా కళాశాల సమన్వయకర్తకు తెలపండి.

బడి పంపిన ఐదు పేర్లలో మీ పేరు లేకపోతే, జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకు అదే పరికరాన్ని తీసుకువెళ్లవచ్చు. తెలంగాణ రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ నిర్వహించే ఇంటింటా ఇన్నోవేటర్ కార్యక్రమానికైతే తరగతితో, వయసుతో పని లేదు. ఎంపికైన ఆవిష్కరణలను జిల్లాల్లో ఆగస్టు 15న ప్రదర్శిస్తారు. మరుసటి ఏడాది ఇన్‌స్పైర్‌కు మళ్లీ పేరు ఇచ్చేటప్పుడు, ఈలోగా పరికరంలో మీరు చేసిన మార్పులను సంక్షిప్త వివరణలో మొదటి వాక్యాల్లోనే రాయండి.