స్కోప్ జారకుండా రింగులు బిగించే పద్ధతి

గురి తప్పుతోందని ఎవరైనా రైఫిల్ తెచ్చి నా బల్ల మీద పెడితే నేను ముందు బారెల్ జోలికి పోను. స్కోప్ (గురి చూసే దుర్భిణి) ట్యూబును, దాన్ని రైఫిల్‌కు బిగించే రింగులు పట్టుకున్న చోట వెలుతురు ఏటవాలుగా పడేలా తిప్పి చూస్తాను. రింగు అంచు పక్కన నల్ల పూత మీద సన్నటి మెరుపు పట్టీ కనిపించిందంటే స్కోప్ జారినట్టే. ఆ పట్టీ ఒకటో రెండో మిల్లీమీటర్లు ఉంటుంది, అంతే. కానీ రైఫిల్ తెచ్చిన మనిషి అప్పటికే పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుళ్లు) మార్చి, ట్రిగ్గర్ మార్చి, చివరికి తన చేతినే అనుమానించి ఉంటాడు.

నాకూ అదే జరిగింది. మొదటి స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మీద స్కోప్ పెట్టుకున్న కొత్తలో పొద్దున ఒక చోట పడిన గ్రూపు (వరస షాట్ల గుర్తుల గుంపు) సాయంత్రానికి ఇంకో చోటికి పోయేది. వారం రోజులు టరెట్లు, అంటే స్కోప్ గురి సరిచేసే బిరడాలు, తిప్పుతూ గడిపాను. చివరికి ముందు రింగుకు ముందువైపు సరిగ్గా ఆనేలా రైల్ (రైఫిల్ మీద రింగులు కూర్చునే గాడి పట్టా) మీద మాస్కింగ్ టేప్ ముక్క అతికించి యాభై షాట్లు కాల్చాను. టేపుకూ రింగుకూ మధ్య గోరు దూరేంత సందు వచ్చింది. రింగులు స్కోప్‌తో సహా వెనక్కి నడుస్తున్నాయి. అప్పటినుంచి బిగింపు విషయంలో నేను పట్టుదలగా ఉంటాను.

ఎందుకంత పట్టింపు అంటే లెక్క చూడండి. రెండు రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. వెనక రింగులో స్కోప్ 0.1 మిల్లీమీటరు పక్కకు తొలిగితే, అంటే ప్రింటర్‌లో పెట్టే మామూలు కాగితం మందమంత, 50 మీటర్ల దగ్గర గురి 5 సెంటీమీటర్లు తప్పుతుంది. 100 మీటర్లకు 10 సెంటీమీటర్లు. కంటికి ఆనని కదలిక టార్గెట్ మీద అరచేయంత అవుతుంది.

ఇక పనిలోకి దిగుదాం. ముందు మ్యాగజైన్ తీసేయండి, బోల్ట్ తెరిచి ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూడండి, వేలితోనూ తడమండి. బోల్ట్ ఊడివచ్చే రైఫిల్ అయితే తీసి పక్కన పెట్టేయండి. స్కోప్ బిగించేటప్పుడు రైఫిల్ ఎటుపడితే అటు తిరుగుతుంది, ధ్యాస స్క్రూల మీద ఉంటుంది. అందుకే దీన్ని నేను ఎప్పుడూ వదలను.

రింగు, ట్యూబు, రైల్ మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. ట్యూబులు ఎక్కువగా 1 అంగుళం (25.4 మి.మీ.), 30 మి.మీ., 34 మి.మీ. సైజుల్లో వస్తాయి. 30 మి.మీ. రింగులో అంగుళం ట్యూబు పెట్టి చుట్టూ టేపు చుట్టి సరిపెట్టేవాళ్లను చూశాను. అది నిలవదు. ఎయిర్ రైఫిళ్లకు, .22 రైఫిళ్లకు ఎక్కువగా 11 మి.మీ. డవ్‌టెయిల్ గాడి ఉంటుంది. పెద్ద రైఫిళ్ల మీద పికటిని లేదా వీవర్ రైల్ ఉంటుంది. పికటిని అడ్డగాడి వెడల్పు 5.23 మి.మీ., వీవర్‌ది దాదాపు 4.57 మి.మీ. కాబట్టి వీవర్ రింగు పికటిని రైల్ మీద కూర్చుంటుంది గానీ, పికటిని రింగు అడ్డకడ్డీ వీవర్ గాడిలో దిగకపోవచ్చు. సుత్తితో కొట్టి దించాల్సి వస్తోందంటే అది తప్పు రింగు.

తర్వాత జిడ్డు తీయడం. పది స్కోప్‌లు జారితే అందులో సగానికి పైగా ఇక్కడే తప్పు జరిగిందని నా అనుభవం. కొత్త రింగులకు తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో నూనె పూస్తారు. రైఫిల్ తుడిచిన గుడ్డ నూనె రైల్ గాడిలోకి చేరుతుంది. మన వేళ్ల జిడ్డు సరేసరి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో రింగుల లోపలి వంపు, ట్యూబు, రైల్, స్క్రూల మరలు, స్క్రూ రంధ్రాలు అన్నీ తుడవండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి. అద్దాలకు మాత్రం ఈ గుడ్డ తగలనివ్వకండి.

బేస్, అంటే రింగులు కూర్చునే దిమ్మ, విడిగా ఉండే రైఫిల్ అయితే ముందు బేస్ స్క్రూలు బిగించాలి. వీటికి నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా మరలకు వేసే జిగురు) ఒక్క చుక్క చాలు. ఎర్రది వద్దు, అది వేస్తే తర్వాత వేడి చేస్తే తప్ప ఊడదు. బేస్ కదులుతుంటే పైన రింగులు ఎంత బాగా బిగించినా వృథా.

ఇప్పుడు రింగులు రైల్ మీద పెట్టే పని. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మందుగుండు రైఫిల్ పేలినప్పుడు వెనక్కి తంతుంది. బరువున్న స్కోప్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. అంటే రైఫిల్‌తో పోలిస్తే స్కోప్ ముందుకు పోబోతుంది. కాబట్టి రింగు అడుగునున్న అడ్డకడ్డీని గాడి ముందు గోడకు ఆనేదాకా ముందుకు నెట్టి, అలా నెట్టి పట్టుకునే బిగించాలి. గాడి మధ్యలో వదిలేసి బిగిస్తే మొదటి కొన్ని దెబ్బలకే అది ముందు గోడ దాకా జరుగుతుంది, మీరు సరిచేసి పెట్టుకున్న గురి (జీరో) పోతుంది.

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కథ వేరు. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి కదులుతుంది. పిస్టన్ సిలిండర్ చివర ఒక్కసారిగా ఆగగానే రైఫిల్ ముందుకు కుదుపుతుంది. ఆ రెండో కుదుపు చాలా పదునైనది. అందుకే వీటి మీద స్కోప్ వెనక్కి నడుస్తుంది. దీనికి మందు స్కోప్ స్టాప్. కొన్ని మౌంట్లలో కింద ఒక పిన్ను ఉంటుంది, రైల్ మీద రంధ్రం ఉంటే దాన్ని అందులోకి దించండి. రంధ్రం లేకపోతే వెనక రింగుకు వెనకవైపు ఆనించి విడి స్టాప్ బ్లాకు బిగించండి. స్ప్రింగ్ రైఫిల్‌కు తగినదని చెప్పి అమ్మే స్కోప్ మాత్రమే దీని మీద వాడండి. పెద్ద తుపాకీ తన్నును తట్టుకున్న స్కోప్ కూడా ఈ ముందు కుదుపుకు లోపల దెబ్బతినవచ్చు.

రింగుల కింది సగాలు రైల్ మీద గట్టిగా కూర్చున్నాక స్కోప్‌ను వాటిలో పడుకోబెట్టండి. పైమూతలు పెట్టి, స్కోప్ చేత్తో జరిగేంత వదులుగా స్క్రూలు ఎక్కించండి. టరెట్ల దిమ్మెకూ రింగుకూ మధ్య, ముందు ట్యూబు వెడల్పయ్యే చోటికీ రింగుకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి. కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, చెంప ఆనించి, కళ్లు తెరవండి. అంచుల్లో నల్ల నీడ లేకుండా బొమ్మ నిండుగా కనబడేదాకా స్కోప్ జరుపుకోండి. దూరంగా దారానికి బరువు కట్టి వేలాడదీసి, రైఫిల్ నిటారుగా ఉంచి, క్రాస్‌హెయిర్ నిలువు గీతను ఆ దారంతో కలపండి.

ఇక పైమూత స్క్రూలు. ఇక్కడ తొందర పనికిరాదు. ఒక వైపు పూర్తిగా బిగిస్తే స్కోప్ ఆ వైపుకు తిరుగుతుంది, కలిపిన గీత ఒరిగిపోతుంది. ఒక మూలన పావు తిప్పు తిప్పి, ఎదురు మూలకు వెళ్లండి, కారు చక్రం నట్లు బిగించినట్టు. ప్రతి రెండు తిప్పులకు ఆగి మూతకూ కింది సగానికీ మధ్య సందు చూడండి. కుడి ఎడమల సందు సమానంగా ఉండాలి. మొన్న ఒక రైఫిల్‌కు చూశాను, ఎడమ వైపు సందే లేదు, కుడి వైపు పోస్ట్‌కార్డు దూరుతోంది. ఆ మూత ట్యూబును ఒక అంచుతో కొరుకుతోంది తప్ప చుట్టూ పట్టుకోలేదు.

ఎంత బిగించాలి? చెయ్యి చెప్పేది నమ్మకండి. ఎంత బలంతో బిగించామో అంకెల్లో చూపే టార్క్ రెంచ్ కొనుక్కోండి, ఇంకేది మానుకున్నా సరే. పైమూత స్క్రూలకు సాధారణంగా 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు, అంటే 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు చాలు. రైల్‌ను పట్టే అడ్డ నట్లకు ఇంకా ఎక్కువ, కొన్ని ఉక్కు రింగులకు 65 ఇంచ్-పౌండ్ల దాకా ఉంటుంది. మీ రింగులతో వచ్చిన కాగితం మీద ఏ అంకె ఉంటే అదే ఖాయం చేసుకోండి. పైమూత స్క్రూలకు నేను థ్రెడ్‌లాకర్ వేయను. తడి మరల మీద స్క్రూ నునుపుగా తిరిగి, అదే అంకెకు ట్యూబు మీద పట్టు మరీ ఎక్కువైపోతుంది.

అతిగా బిగించడం కూడా జారడమంత చెడ్డది. ట్యూబు అల్యూమినియం, గోడ పల్చన. నొక్కుకుపోతే జూమ్ రింగు బిగుసుకుంటుంది, టరెట్ తిప్పితే లోపలి భాగం సరిగా కదలదు, స్క్రూలు వదులు చేశాక కూడా ట్యూబు మీద రింగు ముద్ర మిగిలిపోతుంది.

అంకె ప్రకారం బిగించినా జారుతోందంటే రింగుల లోపల కొద్దిగా రోజిన్ (పైన్ చెట్టు జిగురు) పొడి చల్లి చూడండి, పాత కాలపు చిట్కా అయినా పనిచేస్తుంది. ల్యాపింగ్, అంటే రింగులను కడ్డీతో అరగదీయడం, మంచి రింగులకు అనవసరం అని నా అభిప్రాయం. రెండు రింగులు ఒకే వరసలో లేవని తేలినప్పుడే దాని దాకా వెళ్లాలి.

బిగింపు పూర్తయ్యాక ప్రతి స్క్రూ తల మీదినుంచి రింగు మీదికి తెల్ల పెయింట్ పెన్నుతో ఒక సన్నని గీత గీయండి. ట్యూబు మీద రింగు అంచు దగ్గర, రైల్ మీద రింగు ముందు ఒక్కో టేప్ ముక్క అతికించండి. మొదటి ఇరవై షాట్ల తర్వాత రెంచ్‌తో అదే అంకెకు ఒకసారి సరిచూడండి. ఆ తర్వాత వారం వారం ఊరికే బిగించకండి, గీత చూస్తే చాలు. గీత విరిగి కనిపిస్తే ఆ ఒక్క స్క్రూ తిప్పి ఊరుకోకుండా మొత్తం విప్పి, తుడిచి, మొదటినుంచి బిగించండి.

గీతలు, టేపులు అన్నీ ఉన్నచోటే ఉండి, గ్రూపు మాత్రం తిరుగుతోందా? అప్పుడు స్కోప్‌ను వదిలేసి, స్టాక్‌ను (భుజానికి ఆనించే పిడి భాగాన్ని) పట్టుకునే స్క్రూలు చూడండి.