పాత బండికి చైన్ కొనేముందు పళ్ళు లెక్కపెట్టుకోండి

పర్లాకిమిడిలో నాది జీడిపిక్కల వ్యాపారం. గుమ్మా, ఆర్. ఉదయగిరి వైపు కొండూళ్ళలో పిక్కలు కొని, బస్తా బండికి కట్టుకుని దించుతాను. బండి 1998 నాటి హీరో హోండా, నూరు సీసీ. దానికి నేను మూడో యజమానిని. తంటా అంతా ఆ మూడులోనే ఉంది.

మొదటిసారి చైన్ అరిగినప్పుడు కొట్టుకెళ్ళి బండి పేరు చెప్పి కిట్, అంటే చైనూ ముందు వెనక స్ప్రాకెట్లూ (చైన్ తిరిగే పళ్ళ చక్రాలు) కలిపి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే, బండికున్న ముందు స్ప్రాకెట్‌కి 15 పళ్ళు, కిట్‌లో దానికి 14. వాడు తప్పిచ్చాడనుకుని వెనక్కెళ్ళి గొడవపడి మరీ 15 తెచ్చాను. ఆ ఏడాదంతా ఘాటీ ఎక్కాలంటే బండికి ఆయాసం. తర్వాత తెలిసింది, నాకు ముందు నడిపినాయన పాతపట్నం రోడ్డు మీద స్పీడు కోసం 15 వేయించుకున్నాడట. కొట్టువాడిదే రైటు.

కాబట్టి పాతదాని పళ్ళు లెక్కపెట్టండి, కంపెనీ ఇచ్చిన బండి పుస్తకంలో ఉన్నదీ చూడండి. రెండూ కలవకపోతే మీరు తిరిగే దారిని బట్టి ఎంచుకోండి. నా బండికి వెనక 42. దాన్ని 15తో భాగిస్తే 2.8, 14తో భాగిస్తే 3. ముందు ఒక్క పన్ను తగ్గిస్తే లాగుడు నూటికి ఏడు పాళ్ళు పెరిగింది, టాప్ స్పీడు ఆ మేరకు తగ్గింది. బస్తా మోసేవాడికి స్పీడెందుకు? అదే లాగుడు వెనక నుంచి రావాలంటే మూడు పళ్ళు పెంచి 45 వేయాలి. అప్పుడు చైన్ పొడుగు చాలకపోవచ్చు, చైన్ కవర్‌కి ఒరుసుకున్నా ఒరుసుకుంటుంది.

ఇక చైన్ నంబరు. లింకు పలక మీదే కొట్టి ఉంటుంది, కిరసనాయిలుతో తుడిస్తే కనబడుతుంది. చిన్న బళ్ళకి ఎక్కువగా 428. మొదటి 4 అంటే పిన్నుకీ పిన్నుకీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతులు నాలుగు, అంటే అరంగుళం. 420కీ అదే దూరం, కానీ వెడల్పు తక్కువ. అది 428 పళ్ళ మీద కూర్చోదు. పాత బుల్లెట్ ఉన్నవాళ్ళకి ఇంకో ఖర్చు: దాని వెనక స్ప్రాకెట్ బ్రేక్ డ్రమ్ముతో కలిసే ఉంటుంది, పళ్ళు అరిగితే డ్రమ్మూ కొనాల్సిందే.

అరిగిందో లేదో మెకానిక్ మాట మీద వదిలేయకండి. 428 చైన్ బిగుతుగా లాగి 24 లింకులు కొలవండి. కొత్తదైతే సరిగ్గా అడుగు, అంటే 304.8 మిల్లీమీటర్లు. 308 దాటితే డబ్బులు సర్దుకోండి, 311కి వస్తే దాని పని అయిపోయినట్టే. వెనక స్ప్రాకెట్ దగ్గర చైన్‌ని వేలితో వెనక్కి లాగినప్పుడు సగం పన్ను బయటపడినా అంతే. పళ్ళు కొడవలిలా ఒకవైపు వంగితే ఇక కొలవక్కర్లేదు.

చైన్ ఒక్కటే మార్చి డబ్బు మిగిలిందనుకోవద్దు. అరిగిన పళ్ళు కొత్త చైన్‌ని బేగి తినేస్తాయి. చైనూ, రెండు స్ప్రాకెట్లూ మూడూ కలిపే మార్చండి. వెనక హబ్బు విప్పినప్పుడే లోపలి రబ్బర్లు నలిగాయేమో చూడండి, తక్కువలో అయిపోతుంది. ఓ-రింగ్ చైన్ (పిన్నుల దగ్గర రబ్బరు రింగులుండేది) బాగుంటుంది గానీ కాస్త వెడల్పు. పాత బండి కవర్లో పడుతుందో లేదో చూసుకున్నాకే కొనండి. కొత్త చైన్ పొడుగుంటే లింకులు జంటలుగానే తీయించండి. వేసేటప్పుడు చక్రం ముందుకి ఉండాలి, రేపు సాగితే వెనక్కి లాగడానికి చోటుండాలిగా.

చైన్ రెండు కొసల్నీ కలిపే లాక్ క్లిప్ మూసి ఉన్న వైపు చైన్ కదిలే దిక్కుకి ఉండాలి. మా మెకానిక్ ఒడియా అబ్బాయి, "భాయినా, ఒక్కసారి మీరూ చూడండి" అంటూ ప్రతిసారీ నాచేత చూపించుకుంటాడు. తర్వాత చక్రం తిప్పుతూ, చైన్ బాగా బిగిసిన చోట కింద వైపు మధ్యలో వేలితో ఎత్తి చూడండి. సుమారు అంగుళం ఆడాలి. బస్తా కట్టాక మరీ బిగుసుకుంటుంది, అందుకే నేను వట్టి బండికి కాస్త వదులే ఉంచుతాను.

కొట్లో ఉన్నప్పుడే లాక్ ఒకటి అదనంగా కొని టూల్ బాక్సులో పడేయండి. గుమ్మా దారిలో అది ఊడిపోతే వెతకడానికి కూడా వీలుండదు, అంతా ఎర్రమట్టి.