పళ్ళ సర్వేకి ట్యాబ్ పట్టుకెళ్ళే జూనియర్లకు

పీజీలో ఉండగా నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు బడుల్లో ఏడో తరగతి పిల్లల పళ్ళు చూశాం. కాగితాలు మానేసి, ఓడీకే కలెక్ట్ (సర్వే ఫారాలు నింపే యాప్) వేసిన ట్యాబ్‌లు తీసుకెళ్ళాం. మొదటిరోజు సాయంత్రం డేటా తెరిస్తే, అన్నం బెల్లుకు ముందు చూసిన పదకొండు మందిలో కింద ఎడమవైపు ఒక్కరికీ పిప్పిపన్ను లేదు! తప్పు నాదే. నొక్కే పని తగ్గుతుందని ప్రతి పంటికీ ముందే 0 నింపి ఉంచాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోడ్‌లలో 0 అంటే బాగున్న పన్ను. ఆకలి హడావిడిలో ఆ స్క్రీన్ చూడకుండా దాటేస్తే, చూడని పళ్ళన్నీ మంచి పళ్ళయిపోయాయి.

కాబట్టి ఫారం చేసేటప్పుడు పంటి గడులు ఖాళీగానే వదలండి, నింపకుండా ముందుకు పోనివ్వకండి. చూడలేకపోయిన పంటికి 9 ఉండనే ఉంది. పంటికో స్క్రీన్ పెడితే వేలు నొప్పి పుడుతుంది. నోటిని నాలుగు భాగాలు చేసి, భాగానికో స్క్రీన్ చాలు. పన్నెండేళ్ళ పిల్లలకు జ్ఞానదంతాలు అడగక్కర్లేదు, భాగానికి ఏడు పళ్ళే.

అన్నిటికంటే ఎక్కువ తికమక 4, 8 దగ్గర. పుచ్చి తీయించేసిన పన్ను 4, ఇంకా రాని పన్ను 8. రెండుచోట్లా కనిపించేది ఖాళీ చిగురే. 4 నొక్కగానే కింద "ఎప్పుడు తీయించారు?" అనే ప్రశ్న తెరుచుకునేలా పెట్టాం. పిల్లవాడు తెల్లమొహం వేస్తే మళ్ళీ నోట్లోకి చూడాల్సిందే.

చూసేవాళ్ళు ఒకరు, ట్యాబ్ పట్టేవాళ్ళు ఒకరు. గ్లోవ్స్ చెయ్యి ట్యాబ్‌కి తగలకూడదు. బడి వరండా గోలలో "ఫైవ్", "నైన్" ఒకేలా వినపడతాయి. ఐదు, తొమ్మిది అని తెలుగులో అరవండి. పాలపళ్ళ కోడ్‌లు ఇంగ్లీషు అక్షరాలు, అక్కడ బీ, డీ, ఈ మరీ అన్యాయం. మేం "బి బంతి, డి డబ్బా" అనుకున్నాం, పిల్లలు పడీ పడీ నవ్వారు. ట్యాబ్ పట్టినవాళ్ళు విన్న కోడ్‌ను పైకి తిరిగి చెప్పాకే నొక్కాలి.

మన కోడ్‌లు నిలకడగా ఉన్నాయా అని తేల్చుకోవడానికి నూటికి ఐదు నుంచి పది మందిని రెండోసారి చూడాలి కదా, దానికి ఫారం మొదట్లోనే "రెండోసారి పరీక్ష" అని ఒక గడి ఉండాలి. లేకపోతే ఒకే బిడ్డ ఇద్దరుగా లెక్కకొస్తుంది. మొదటిసారి కోడ్‌లు మాత్రం అప్పుడు కంటపడకూడదు. చూసి వేస్తే కప్పా (రెండుసార్లు వేసిన కోడ్‌లు ఎంత కలిశాయో చెప్పే లెక్క) బ్రహ్మాండంగా వస్తుంది, అది మీ కళ్ళ గొప్ప కాదు.

ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళ మీద పడే మచ్చలు) కూడా చూస్తుంటే, నీళ్ళ ప్రశ్న జాగ్రత్తగా రాయండి. "ఏ నీళ్ళు తాగుతారు?" అంటే అందరూ ఇప్పుడు ఇంటికొచ్చే మిషన్ భగీరథ (సర్కారు మంచినీళ్ళ పథకం) నల్లా అనే చెప్తారు. ముందుపళ్ళ మీద మచ్చలు పడేది ఎనామిల్ తయారయ్యే చిన్న వయసులో. ఆ ఏళ్ళలో తాగింది బోరు నీళ్ళా, ఎక్కడివి అని అడగాలి. అది పిల్లలకు గుర్తుండదు. సంతకం కోసం ఇంటికి పంపే అంగీకార పత్రం మీదే ఆ ప్రశ్న వేసి అమ్మానాన్నల దగ్గర రాయించుకున్నాం.

పవర్ బ్యాంక్ రెండు పెట్టుకోండి. ఎండలో స్క్రీన్ కనపడదు, అలాగని నీడలో నోరు కనపడదు. బిడ్డను వెలుతురులో కూర్చోబెట్టి, ట్యాబ్ పట్టినవాళ్ళు గోడ నీడకు జరగాలి. ట్యాబ్‌లో తేదీ సరిచూడండి, పుట్టినతేదీ నుంచి వయసు కట్టేది దాన్నిబట్టే. ఊళ్ళో సిగ్నల్ లేకున్నా ఫారాలు లోపల భద్రంగానే ఉంటాయి. రాత్రి రూముకొచ్చాక పంపి, ఆ రోజు చూసిన పిల్లల సంఖ్యతో సర్వర్లోని సంఖ్యను కలిపి చూసుకోండి. యాప్ మొరాయించిందని తీసేసి మళ్ళీ వేసుకుంటే పంపని ఫారాలన్నీ దాంతోపాటే పోతాయి. మా బ్యాచ్‌లో ఒకరు ఆ పని చేసి, మర్నాడు అదే బడికి వెళ్ళి ఇరవై మూడు నోళ్ళు మళ్ళీ తెరిపించారు.