చినుకు పడితే ఒక గేరు పైన

రేసింగ్ సిమ్‌లో (నిజమైన కారు తీరును అనుకరించే కంప్యూటర్ ఆటలో) లోటస్ 49 లాంటి 1967 నాటి ఫార్ములా వన్ కారు నడిపేటప్పుడు ల్యాప్ మధ్యలో చినుకులు మొదలైతే, మలుపు చివర థ్రాటిల్ (యాక్సిలరేటర్) తాకగానే కారు గిర్రున తిరుగుతుంది. కారును నేలకు అదిమే రెక్కలు లేవు, చక్రాలు జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ లేదు, దాదాపు 400 హార్స్‌పవర్ వెనక చక్రాల మీదే.

రెండో గేరులో తీసుకునే మలుపును మూడులో తీసుకోండి. 9,000 ఆర్‌పీఎం దాకా లాగే చోట, స్టీరింగ్ నిటారయ్యే వరకు 6,500 దాటనివ్వకండి. ఈ ఇంజన్‌లో పవర్ ఆ పైనే ఒక్కసారిగా తన్నుకొస్తుంది. గేరు దింపేటప్పుడు థ్రాటిల్‌ని ఒక్కసారి తట్టి వదలండి, లేకపోతే ఇంజన్ బ్రేకింగే వెనక చక్రాలను బిగించేస్తుంది. తడి పెరిగితే రోజూ వెళ్లే లైన్ (కార్లన్నీ తిరిగే దారి) వదిలి ఒక కారు వెడల్పు బయటికి జరగండి. పొడిలో పట్టునిచ్చిన రబ్బరు పొరే తడిలో సబ్బులా జారుతుంది. (ట్రాక్ మీద రబ్బరును లెక్కించే సిమ్‌లలోనే దీని ఫలితం కనిపిస్తుంది.)

బ్రేక్ బయాస్‌ను (ముందు, వెనక చక్రాల మధ్య బ్రేకు బలం పంపకాన్ని) ఇలాంటి కార్లలో సీటులోంచి మార్చలేం. వాన సూచన ఉంటే గ్యారేజ్‌లోనే 2 శాతం వెనక్కి జరపండి, అంతకు మించి వద్దు.

వాన ఆగాక మాత్రం ఇలా లైన్ వదిలి బయట నడపడం ఎదురు తిరుగుతుంది. ముందు ఆరేది కార్లు తిరిగే లైనే. అక్కడ నలుపు తగ్గి బూడిద రంగు చార కనిపించగానే దాని మీదికి వచ్చేయండి, పక్కన ఇంకా నీళ్లుంటాయి.