గోల్‌కీపర్‌ని సెలెక్ట్ చేసేటప్పుడు ఏం చూడాలి

అనంతపురం గ్రౌండుల్లో పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగితే చప్పట్లన్నీ డైవ్ కొట్టినవాడికే. మీరు మాత్రం బంతి రాకముందు వాడెక్కడ నిలబడ్డాడో చూడండి. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44, రెండడుగులు ముందుకొచ్చి కొట్టేవాడికి కోణం తగ్గించే కీపర్‌కి డైవ్‌తో పెద్దగా పనుండదు. చేతికి చిక్కని బంతిని పక్కకి తోస్తున్నాడా, ఎదురుగానే వదిలేస్తున్నాడా అన్నది కూడా రాసుకోండి.

నన్నడిగితే అసలు పరీక్ష పాసింగే. 1992లో బ్యాక్‌పాస్ రూల్ వచ్చాక సొంత ఆటగాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో ముట్టుకోకూడదు, 2019 నుంచి గోల్ కిక్‌ని (బంతి గోల్ లైన్ దాటి బయటికెళ్లాక గోల్ దగ్గర్నుంచి మళ్లీ ఆట మొదలుపెట్టే కిక్) సొంత ఆటగాళ్లు గోల్ ముందుండే పెనాల్టీ ఏరియా లోపలే అందుకోవచ్చు, అంటే కీపర్ కాళ్లకి పని బాగా పెరిగింది. అందుకే ప్రాక్టీస్‌లో ఒక స్ట్రైకర్‌ని మీదికి ఉరికించి, టెన్షన్‌లో తల ఎత్తి చూసి ఇస్తున్నాడా, రెండో కాలితోనూ ఇవ్వగలడా గమనించండి. మన ఆషాఢం గాలికి ఎదురుగా ఎత్తుగా కొట్టిన కిక్ సగం దూరంలోనే కూలబడుతుంది. అలాంటి రోజు బంతిని కిందనే, లేదా చేత్తో విసిరి అందించే కుర్రాడికి బుర్ర ఉన్నట్టే.

నాయకత్వం అంటే ఊరికే అరవడం కాదు. "నాది", "వెనక మనిషి" అని సమయానికి, పేరు పెట్టి చెప్పాలి. గోల్ పడ్డాక ఐదు నిమిషాలు వాడినే చూడండి. డిఫెండర్లని తిడుతున్నాడా, వాళ్లని మళ్లీ సర్ది నిలబెడుతున్నాడా?