కుక్క కన్ను ఎర్రబడితే రేపటిదాకా ఆగొద్దు

మా కాకర్ స్పానియల్‌కు ఎడమ కన్ను ఎర్రబడితే హన్మకొండ ఎండకూ దుమ్ముకూ అయ్యుంటుందిలే అనుకుని, మెడికల్ షాపులో మనుషుల చుక్కల మందు తెచ్చి మూడు రోజులు వేశాను. నాలుగో రోజు డాక్టర్ కంటి ప్రెషర్ చూస్తే 52. మామూలుగా 10 నుంచి 25 లోపు ఉండాలి. ఆ కంటికి చూపు మళ్లీ రాలేదు.

కంట్లో నీరు ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉండే సన్నటి జల్లెడలోంచి బయటికి పోతుంటుంది. ఆ దారి మూసుకుపోయినా ఊరడం ఆగదు కదా, ఒత్తిడి పెరిగి వెనకున్న నరం నలిగిపోతుంది. అదే గ్లాకోమా. కాకర్, బీగిల్, బాసెట్ హౌండ్, హస్కీలకు ఇది వంశపారంపర్యంగా ఎక్కువ. మిగతావాటికి లెన్స్ జారడం, దెబ్బ, గడ్డ, లోపలి వాపు వల్ల వస్తుంది. పిడుదుల జ్వరం కూడా కంట్లో వాపు తెస్తుంది, అందుకే రక్తపరీక్ష చేయించండి.

గదిలో లైటు తీసేసి ఫోన్ టార్చి ఒక్కో కంట్లోకి కొట్టి చూడండి. మంచి కన్నయితే కంటిపాప చటుక్కున ముడుచుకుంటుంది. జబ్బు కన్నయితే కంటిపాప పెద్దగా తెరుచుకునే ఉంటుంది, కన్ను పైన నీలంగా మబ్బు పట్టినట్టు కనిపిస్తుంది. తల ముట్టుకోనివ్వకపోయినా, అన్నం ముట్టక మూలన పడుకున్నా నొప్పి ఉన్నట్టే. ఒకటి రెండు రోజుల్లోనే చూపు పూర్తిగా పోవచ్చు, కాబట్టి అదే రోజు తీసుకెళ్లండి. మామునూరు వెటర్నరీ కాలేజీకైనా, ప్రైవేటు క్లినిక్‌కైనా వెళ్లేముందు ప్రెషర్ కొలిచే టోనోమీటర్ ఉందా అని ఫోన్ చేసి అడగండి, తిరుగుడు తప్పుతుంది.

అవసరమైతే మానిటాల్ అనే మందును సెలైన్‌లా ఎక్కించి ప్రెషర్ దించుతారు, దాంతోపాటు డోర్జోలమైడ్, టిమోలాల్, లాటానోప్రోస్ట్ లాంటి చుక్కలు. లెన్స్ ముందుకు జారి ఉంటే లాటానోప్రోస్ట్ కీడు చేస్తుంది, సొంతంగా కొని వేయకండి. మూతిని ఎదురుగా పట్టుకుంటే పెనుగులాడుతుంది, వెనక కూర్చుని గడ్డం కాస్త పైకెత్తి సీసా తల మీదుగా తెచ్చి ఒక్క చుక్క వేయాలి. రెండో మందుకు పది నిమిషాలు ఆగాలి.

చూపు పోయి నొప్పి మిగిలితే కన్ను తీయించడమే మేలు. నేను వారం వాయిదా వేశాను, అనవసరంగా. తీయించిన కొన్నాళ్లకే మావాడు బంతి నోట పట్టుకుని వచ్చాడు. రెండో కంటికీ వచ్చే ముప్పు ఎక్కువ, దానికి ఇప్పటినుంచే చుక్కలు వేస్తున్నాం. మెడపట్టీ తీసేసి ఛాతీకి బెల్టు వేశాం, గొలుసు గుంజినప్పుడల్లా మెడ నొక్కుకుని కంటి ప్రెషర్ పెరుగుతుందట.