దాడి వేగం పెరగట్లేదా? లెక్క ఇలా సరిచేశాను

పాత్ ఆఫ్ ఎక్సైల్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో గేర్ (పాత్ర ధరించే ఆయుధాలు, తొడుగులు) నిండా అటాక్ స్పీడ్ (దాడి వేగం) పెట్టినా దెబ్బల వేగం పెద్దగా మారడం లేదని వైజాగ్‌లో మా ఆటగాళ్లు తరచూ అడుగుతుంటారు. నా బిల్డ్ (పాత్రకు ఎంచుకున్న గేర్, నైపుణ్యాల కూర్పు) ఈ లెక్కతోనే దారికొచ్చింది.

కత్తి మీదున్న అటాక్ స్పీడ్ ఆ కత్తి మూల వేగాన్నే పెంచుతుంది. సెకనుకు 1.50 దెబ్బల కత్తికి 20 శాతం ఉంటే 1.80. గ్లవ్స్, ఉంగరాలు, పాసివ్ ట్రీ (పాత్రకు శాశ్వత బలాలు ఎంచుకునే పట్టిక), ఆన్‌స్లాట్ (కాసేపు వేగం పెంచే బఫ్) ఇచ్చే 'ఇంక్రీజ్డ్' శాతాలన్నీ ముందు ఒకదానికొకటి కూడతాయి, ఆ మొత్తంతో ఒక్కసారే గుణించాలి. ట్రీలో 60, గ్లవ్స్‌లో 15, ఆన్‌స్లాట్ 20, మొత్తం 95. అంటే 1.80 × 1.95 = 3.51.

ఇప్పుడు ఉంగరంలో ఇంకో 10 చేరిస్తే 3.69. పేరుకు పది, దక్కేది దాదాపు 5 శాతమే! అదే 10 కత్తి మీద పెరిగితే 3.80. 'మోర్' అని రాసుంటే విడిగా గుణిస్తుంది కాబట్టి 3.86. అందుకే ఉంగరం కన్నా ముందు కత్తి మార్చాను, సపోర్ట్ జెమ్‌లో (దాడి నైపుణ్యానికి జోడించే రాయి) మల్టీస్ట్రైక్ పెట్టాను. దానిది 'మోర్'. ఫాస్టర్ అటాక్స్ అనే ఇంకో సపోర్ట్ జెమ్‌ది 'ఇంక్రీజ్డ్', ట్రీ నిండిన బిల్డ్‌కి అంతగా కలిసిరాదు.

నంబర్ బాగున్నా చెయ్యి బరువుగా అనిపిస్తే పింగ్ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే సమయం) చూడండి. గేమ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోని లాక్‌స్టెప్ మోడ్‌లో ప్రతి చర్యా సర్వర్ జవాబు కోసం ఆగుతుంది. మన దగ్గర్నుంచి సింగపూర్ గేట్‌వేకి (గేమ్ సర్వర్ ఉన్న చోటు) లైన్ ఊగిసలాడుతుంటే, జవాబు కోసం ఆగకుండా చర్యను ముందే చూపించే ప్రెడిక్టివ్ మోడ్‌కి మార్చి చూడండి.